పీస్ కమిటీలను తీసిపారేసేవాళ్లకు

వినాయక నిమజ్జనమో, మిలాద్ జులూసో, హనుమాన్ జయంతి శోభాయాత్రో దగ్గరపడే కొద్దీ మన ఊళ్లలో ఒక మాట గట్టిగా వినిపిస్తుంది. పోలీసుల చేతులు కట్టేయకుండా వదిలేస్తే చాలు, ఒక్క పూటలో అందరూ దారికొస్తారని. టీవీ చర్చల్లో వింటాం, అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో చదువుతాం, అప్పుడప్పుడు ఖాకీ చొక్కా వేసుకున్నవాళ్ల నోటే వింటాం. దాని వెనకే ఇంకో మాట వస్తుంది. పీస్ కమిటీలో ఏముంది, స్టేషనుకు పిలిస్తే పదిమంది పెద్దమనుషులు వస్తారు, టీ తాగుతారు, ఫొటో దిగుతారు, పోతారు. రాయి విసిరేవాడు ఆ కుర్చీల్లో కూర్చోడు కదా అని.

ఈ రెండు మాటలూ కలిసి చదువుకున్నవాళ్లలో తిరుగులేని అభిప్రాయంగా స్థిరపడిపోయాయి. శాంతిభద్రతలు పోలీసుల పని, పౌరులు ఎవరింట్లో వాళ్లు కూర్చుంటే అదే పదివేలు, మధ్యలో ఈ కమిటీలు కాలయాపన అని నమ్మేవాళ్లే ఎక్కువ. ఈ నమ్మకం తప్పు. మనుషుల ప్రాణాలు తీసిన తప్పు. కలహం రాజుకోవలసిన చోట రాజుకోకుండా ఆగిందంటే, అక్కడి పోలీసులూ జనమూ అంతకు ముందు నుంచే ఒకరినొకరు ఎరిగి ఉండటం వల్ల ఆగిన ఉదాహరణలు మన కళ్లముందే ఉన్నాయి. ఆ ఎరుక లేని చోట ఎన్ని బలగాలు దిగినా శవాలను లెక్కపెట్టుకోవడమే మిగిలింది.

గట్టిగా ఉంటే చాలు అనేవాళ్లు ముందు ముంబైని చూడాలి. 1992 డిసెంబరులో, 1993 జనవరిలో ఆ నగరం తగలబడినప్పుడు అక్కడ బలగాలకు కొరత లేదు. దేశంలో పేరుమోసిన పోలీసు శాఖ, దానికి తోడు రిజర్వు దళాలు, చివరికి సైన్యం కూడా వచ్చింది. జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిషన్ లెక్క ప్రకారం 900 మంది చనిపోయారు. వాళ్లలో 575 మంది ముస్లింలు, 275 మంది హిందువులు. ఎవరు ఎలా చనిపోయారన్న లెక్క కూడా కమిషన్ వేసింది. కత్తిపోట్లతో పోయినవాళ్లు 347 మంది. పోలీసు కాల్పుల్లో పోయినవాళ్లు 356 మంది. అన్ని కారణాల్లోకీ పోలీసు తూటాయే పెద్దది. తప్పు చేశారని కమిషన్ వేలెత్తి చూపిన పోలీసులు 31 మంది. చేతులు కట్టేయకుండా వదిలేస్తే ఏమవుతుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పగల పత్రం నాకు తెలియదు.

అదే రోజుల్లో, అదే మహారాష్ట్రలో, ముంబైకి ఆనుకున్నట్టే ఉండే భివండీ ప్రశాంతంగా ఉంది. ఇది చిన్న విషయం కాదు. 1970 మేలో శివజయంతి ఊరేగింపుతో మొదలైన అల్లర్లు భివండీని కాల్చేశాయి. వాటి మీద జస్టిస్ డి.పి. మదన్ కమిషన్ ఇచ్చిన నివేదిక పోలీసుల పక్షపాతాన్ని కఠినంగా ఎత్తిచూపింది. 1984 మేలో మళ్లీ అక్కడే మారణకాండ జరిగింది. అల్లర్లకు పేరుపడ్డ ఆ ఊరిలో బాబ్రీ మసీదు కూలిన తర్వాత అంతకు పదింతలు జరుగుతుందని అందరూ భయపడ్డారు. జరగలేదు.

భివండీ గురించి తెలుగువాళ్లకు ఎవరో చెప్పాల్సిన పని లేదు. సిరిసిల్ల, కరీంనగర్, నల్లగొండ, వరంగల్ ప్రాంతాల పద్మశాలి కుటుంబాలు తరాల కిందటే అక్కడికి వలసపోయాయి. పద్మానగర్ తెలుగు పేట. సాంచాల చప్పుడు మధ్య మోమిన్, అన్సారీ కుటుంబాలతో కలిసి బతికిన మనవాళ్లు అక్కడ ఉన్నారు. నూలు ఒకరిది, సాంచె ఇంకొకరిది, గుడ్డ కొనేవాడు మరొకడు. ఇంతగా ఒకరి మీద ఒకరు ఆధారపడిన ఊరు కూడా 1970లో, 1984లో కాలిపోయింది. అన్నదమ్ముల్లా బతుకుతున్నాం, మాకేం కాదు అని తృప్తిపడేవాళ్లు ఈ సంగతి మరవకూడదు. కలిసి బతకడం అవసరమే కానీ, పుకారు లేచిన రాత్రి ఎవరు ఎవరి తలుపు తట్టాలో ముందే తెలిసి ఉంటే తప్ప ఆ కలివిడితనం ఒక్కటే కాపాడలేదు.

ఆ తలుపు తట్టే ఏర్పాటు చేసినవాడు 1988లో డీసీపీగా అక్కడికి వచ్చిన సురేశ్ ఖోపడే. ఊరిని మొహల్లాలుగా విడగొట్టి దాదాపు 70 మొహల్లా కమిటీలు వేశారు. రెండు మతాలవాళ్లూ వాటిలో ఉన్నారు. ఎమ్మెల్యే వెనక తిరిగేవాళ్లకంటే గల్లీలో చిన్న పని చేసుకునేవాళ్లకు, దుకాణదారులకు చోటు దొరికింది. పోలీసులు ఆ కమిటీల్లో క్రమం తప్పకుండా కూర్చున్నారు. ఏం మాట్లాడారు? మత సామరస్యం మీద ఉపన్యాసాలు కాదు. నీళ్లు, మోరీలు, భార్యాభర్తల తగవులు, గల్లీ పోరగాళ్ల ఆగడాలు. వినడానికి పోలీసు పనిలా లేదు కదా. కానీ నెలల తరబడి ఒక మోరీ గురించి కలిసి కూర్చున్న మనుషులకు 1992 డిసెంబరులో ఒకరి గొంతు ఒకరికి తెలుసు. ఫలానా వీధిలో గుంపు చేరిందన్న కబురు వస్తే అది నిజమో కాదో కనుక్కోవడానికి ఎవరిని అడగాలో కానిస్టేబులుకు తెలుసు. పోలీసు వస్తున్నాడంటే ఎందుకు వస్తున్నాడో గల్లీకి తెలుసు. ఖోపడే తర్వాత వచ్చిన గులాబ్‌రావ్ పోల్ ఆ పనిని వదిలేయకుండా కొనసాగించారు. ముంబై ఎందుకు కాలింది, భివండీ ఎందుకు కాలలేదు అన్న ప్రశ్న మీద ఖోపడే తర్వాత మరాఠీలో ఒక పుస్తకమే రాశారు.

ముంబై కూడా దీన్ని గుర్తించింది, ఆలస్యంగా. అల్లర్ల తర్వాత పోలీసు కమిషనర్‌గా వచ్చిన సతీశ్ సాహ్నీ, రిటైరైన పోలీసు అధికారి జూలియో రిబేరో, సామాజిక కార్యకర్త సుశోభా బర్వే వంటి వాళ్లు కలిసి అక్కడ మొహల్లా కమిటీల ఉద్యమం మొదలుపెట్టారు. పోలీసులూ బస్తీ కుర్రాళ్లూ కలిసి ఆడే క్రికెట్ పోటీలు దాంట్లో భాగమయ్యాయి. క్రికెట్ ఆడితే అల్లర్లు ఆగుతాయా అని నవ్వేవాళ్లు ఉంటారు. కుర్రాడి మొహం లాకప్‌లో కాకుండా మైదానంలో మొదటిసారి చూసిన ఎస్సై ఆ కుర్రాడితో మాట్లాడే తీరే వేరు.

ఇక్కడ నా ప్రత్యర్థులు ఒక బలమైన మాట అంటారు, దాన్ని దాటేసి పోవడం న్యాయం కాదు. భివండీ భివండీ అంటారు గానీ 2006 జూలైలో అదే ఊళ్లో ఏం జరిగింది? ఖబరస్తాన్ పక్కన ఉన్న స్థలంలో పోలీసు స్టేషను కట్టబోయారు. అది వక్ఫ్ స్థలమని స్థానిక ముస్లింలు అడ్డుకున్నారు. నిరసన హింసగా మారింది, పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు, ఆ రాత్రే గుంపు ఇద్దరు కానిస్టేబుళ్లను చంపేసింది. నాలుగు ప్రాణాలు. మొహల్లా కమిటీలకు పేరుపొందిన ఊళ్లో ఇది జరిగింది కదా, ఇక ఆ కమిటీల వల్ల ఏం ఒరిగింది?

జరిగిందాన్ని సరిగ్గా చూడాలి. 2006లో భివండీలో హిందువులూ ముస్లింలూ కొట్టుకోలేదు. పోలీసులకూ జనానికీ మధ్య జరిగిన ఘర్షణ అది. మధ్యవర్తిగా ఉండవలసిన పోలీసు శాఖ స్థలం తగాదాలో తానే ఒక పక్షమైపోయింది. పద్దెనిమిదేళ్ల ముందు ఒక అధికారి వేసిన పునాది మీద ఆ తర్వాతివాళ్లు కూర్చుని మాట్లాడటం మానేస్తే, స్టేషను గోడ ఎక్కడ లేవాలన్న ప్రశ్న కూడా తుపాకీ దాకా పోతుంది. ఆ స్థలం గురించి మాట్లాడవలసిన చోటు మొహల్లా కమిటీయే. మాటతో తేలవలసిన తగాదా రోడ్డెక్కింది. కమిటీలు పనికిరావని ఈ ఉదంతం చూపదు; ఒకసారి వేసి వదిలేస్తే నిలవవని చూపుతుంది. మందు మానేశాక జబ్బు తిరగబెడితే మందునే తప్పుపట్టడం ఎలాంటిదో ఇదీ అంతే.

పుకారు గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే లాఠీకీ కెమెరాకీ అందనిది అదే. 2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ సందేశాలు తెలుగు రాష్ట్రాలను ఊపేశాయి. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. అడుగడుగునా కెమెరాలు పెట్టిన నగరం అది. అదే సమయంలో జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల్లో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి అంతకు ముందే ఊరికొక కానిస్టేబుల్‌ను కేటాయించి ఉన్నారు. ఆ కానిస్టేబుళ్లు ఊళ్లోకి వెళ్లి పేర్లు పెట్టి పలకరించే మనుషులు. వేసవిలో ఆరుబయట మంచాలేసుకునే జనం తలుపులు బిగించుకుని లోపల పడుకుంటున్నారని వాళ్లే మొదట గమనించారు. ఎందుకని అడిగితే ఫోన్లలో వచ్చిన వీడియోలు చూపించారు. సర్పంచులను కలుపుకున్నారు, డప్పు కొట్టి చాటింపు వేయించారు, కళాకారులతో పాటలు పాడించారు. ఆ జిల్లాల్లో ఆ పుకారుకు ఒక్క ప్రాణమూ పోలేదు.

అది మత కలహం కాదు కదా అనవచ్చు. కాదు. కానీ మత కలహం కూడా సరిగ్గా ఇలాగే రాజుకుంటుంది. ఫలానా చోట మనవాణ్ని పొడిచారట, ఫలానా గుడి ముందు మాంసం పడేశారట, ఫలానా మసీదు మీద రంగు చల్లారట. ఆ "అట"ను పది నిమిషాల్లో అబద్ధమని తేల్చగలిగే మనిషి గల్లీలో ఉండాలి. ఆ మనిషి మాట నమ్మే పోలీసు స్టేషనులో ఉండాలి. వీళ్లిద్దరి ఫోను నంబర్లూ ఒకరి దగ్గర ఒకరికి ఉండాలి. 2020 జనవరిలో నిర్మల్ జిల్లా భైంసాలో బైకుల చప్పుడు మీద మొదలైన మాటామాటా ఇళ్లు తగలబెట్టేదాకా పోయింది. 2021 మార్చిలో అదే ఊరు మళ్లీ అంటుకుంది. 2008 అక్టోబరులో దుర్గామాత ఊరేగింపు నాటి గొడవల తర్వాత పక్కనున్న వటోలి గ్రామంలో ఒకే కుటుంబంలోని ఆరుగురిని సజీవంగా దహనం చేసిన చరిత్ర ఉన్న ప్రాంతం అది. ప్రతిసారీ అదనపు బలగాలు దిగాయి, 144 సెక్షన్ పెట్టారు, కొన్ని రోజులకు పికెట్లు ఎత్తేశారు. బలగాలు వెళ్లిపోయాక ఆ గల్లీల మధ్య మాట కలిపినవాళ్లు ఎవరు, ఎన్నాళ్లు కలిపారు అన్నది వార్త కాలేదు. పన్నెండేళ్ల తేడాతో ఒక ఊరు మళ్లీ మళ్లీ కాలుతోందంటే అక్కడ పోలీసు బలం తక్కువైందని కాదు అర్థం.

కర్ఫ్యూ గురించి మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది కర్ఫ్యూలో బతికినవాళ్లు కారు. 1990 డిసెంబరులో హైదరాబాద్ పాతబస్తీలో వందమందికి పైగా చనిపోయిన ఆ రోజుల్లో కర్ఫ్యూ అంటే అడ్డా కూలీకి పొయ్యి వెలగకపోవడం, బండి మీద పండ్లు కుళ్లిపోవడం, పాలు లేక పసిపిల్లలు ఏడవడం, డెలివరీకి ఆసుపత్రికి పోలేకపోవడం. హిందువైనా ముస్లిమైనా ఆ శిక్ష పేదవాడికే. కత్తి పట్టినవాడు కర్ఫ్యూకు ముందే ఎక్కడికో పోతాడు. ఒక్క పూటలో అణిచేయాలి అని సోఫాలో కూర్చుని అనేవాళ్లు ఆ పూట ఎవరి నెత్తిన పడుతుందో చూడటం లేదు.

ఇక కెమెరాలు. 2013 ప్రజా భద్రత చట్టంతో దుకాణాలూ కార్యాలయాలూ కెమెరాలు పెట్టుకోవడం తప్పనిసరి అయింది. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమైంది. దొంగను పట్టుకోవడానికి కెమెరా పనికొస్తుందన్నది నేను కాదనను. కానీ కెమెరా జరిగిందాన్ని చూపిస్తుంది. జరగబోయేది తెలిసినవాడు పక్కింటివాడు. ఆ పక్కింటివాడు స్టేషను మెట్లెక్కడానికి భయపడితే తెరల గోడ ముందు ఎంతమంది కూర్చున్నా తెలిసేది గంట తర్వాతే. పైగా తెల్లవారుజామున వందలమంది పోలీసులతో బస్తీని చుట్టుముట్టి, ఇల్లిల్లూ తట్టి, బండి కాగితాలు అడిగే కార్డన్ సెర్చ్‌లు చేస్తూ, సాయంత్రం అదే బస్తీ పెద్దలను పీస్ కమిటీకి పిలిస్తే ఏం మాట్లాడతారు వాళ్లు? మాదాపూర్ అపార్ట్‌మెంట్లను ఎవరూ అలా చుట్టుముట్టరన్న సంగతి పాతబస్తీ కుర్రాడికి తెలుసు.

మాట కలిస్తే ఏమవుతుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. 2023 సెప్టెంబరు 28న అనంత చతుర్దశీ మిలాదున్నబీ ఒకే రోజు వచ్చాయి. బాలాపూర్ నుంచి చార్మినార్ మీదుగా హుస్సేన్‌సాగర్ దాకా సాగే వినాయక శోభాయాత్ర ఒకవైపు, పాతబస్తీలో పచ్చజెండాల జులూస్ ఇంకోవైపు. రెండూ ఒకేనాడు, ఒకే రోడ్ల మీద. పోలీసులూ మిలాద్ జులూస్ నిర్వాహకులూ ముందుగానే మాట్లాడుకున్నారు. జులూస్‌ను అక్టోబరు 1కి మార్చుకున్నారు. మరుసటి ఏడాదీ పండుగలు పక్కపక్కన వస్తే మళ్లీ అలాగే మార్చుకున్నారు. నిషేధపు ఉత్తర్వుతో ఇదే పని చేసి ఉంటే ఆ ఉత్తర్వే గొడవకు మొదలయ్యేది. నిర్వాహకులు తామే నిర్ణయం తీసుకున్నారు కాబట్టి కుర్రాళ్లకు తామే సర్దిచెప్పుకున్నారు. 2010 మార్చిలో ఇదే పాతబస్తీ జెండాల తగాదాతో రాజుకుని రోజుల తరబడి కర్ఫ్యూలో ఉండిపోయిన సంగతి పెట్టి చూస్తే, ఈ సర్దుబాటు విలువ అర్థమవుతుంది.

అయితే దీని మీద ఒక మాట చెప్పకుండా ఉండలేను. సర్దుకునేది ఎప్పుడూ ఒకరే అయితే అది కొన్నాళ్లకు సర్దుబాటు అనిపించుకోదు. ఇవాళ జులూస్ తేదీ మారింది. రేపు మసీదు ముందు డీజే సౌండు ఆపవలసి వచ్చినప్పుడు, ఊరేగింపు వేళ మార్చుకోవలసి వచ్చినప్పుడు ఉత్సవ సమితులూ అంతే పెద్దమనసు చూపాలి. చూపించేలా చేయవలసింది పోలీసులు మాత్రమే కాదు, ఆ సమితుల్లోనే ఉన్న వివేకవంతులు. అలాంటివాళ్లు ఉన్నారు, ప్రతి మండపం దగ్గరా ఉన్నారు. వాళ్లను మాట్లాడనివ్వాలి.

ఆశుతోష్ వార్ష్ణేయ అనే రాజనీతి శాస్త్రవేత్త 1950 నుంచి 1995 దాకా మన దేశంలో జరిగిన హిందూ ముస్లిం కలహాల లెక్కలు తీశారు. మరణాల్లో గ్రామాల వాటా నాలుగు శాతం లోపే. దాదాపు 46 శాతం మరణాలు ఎనిమిది నగరాల్లోనే జరిగాయి. ఆ ఎనిమిదింటిలో మన హైదరాబాద్ ఒకటి. ఇది సిగ్గుపడవలసిన విషయం, ఆశపడవలసిన విషయం కూడా; కలహం దేశమంతటా పరచుకున్న విధిరాత కాదని, కొన్ని చోట్ల పదే పదే జరిగే పని అని తేలింది కాబట్టి. అలీగఢ్‌నూ కోజికోడ్‌నూ పక్కపక్కన పెట్టి చూసి ఆయన తేల్చిన సంగతి మన వాదానికి కీలకం. రెండు మతాలవాళ్లూ కలిసి నడిపే సంఘాలు, వ్యాపారాలు, యూనియన్లు బలంగా ఉన్న చోట పీస్ కమిటీలు కింది నుంచి పుడతాయి, పనిచేస్తాయి. అవి లేని చోట అధికారులు పైనుంచి కమిటీ వేస్తారు, అది నిలవదు.

టీ బిస్కెట్ల కమిటీ అని వెక్కిరించేవాళ్లు చూసింది ఈ రెండో రకాన్నే. ఆ వెక్కిరింతకు తగ్గ కమిటీలు మన దగ్గర కొల్లలు. పండుగకు వారం ముందు పుడతాయి, పండుగ మర్నాడు చచ్చిపోతాయి. సభ్యులు ఎవరంటే కార్పొరేటర్ మనిషి, ఎమ్మెల్యే మనిషి, రెండు పార్టీలకూ చందాలిచ్చే వ్యాపారి, ఏడాదికొకసారి ఫొటోకు తప్ప కనబడని మతపెద్ద. ఆడవాళ్లు ఉండరు. పాతికేళ్ల లోపువాళ్లు అసలే ఉండరు. 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ మైత్రి పేరుతో ప్రజలతో కలిసి పనిచేసే పథకం తెచ్చింది. రాష్ట్రం విడిపోయాక ఫ్రెండ్లీ పోలీసింగ్ అన్నారు. పేర్లు మంచివే. అధికారి బదిలీ అయితే పథకం కూడా బదిలీ అయిపోవడమే జబ్బు. నేను సమర్థిస్తున్నది ఈ కాగితపు కమిటీలను కాదు. వీటిని చూపించి అసలు పనినే తీసిపారేయడాన్ని ఖండిస్తున్నాను.

నా వాదాన్ని రెండో వైపు నుంచి కాదనేవాళ్లూ ఉన్నారు, వాళ్లంటే నాకు గౌరవం. పౌరహక్కుల ఉద్యమాల్లో పనిచేసిన మిత్రులు వాళ్లు. పోలీసులతో ఒకే బల్ల ముందు కూర్చోవడమంటే వాళ్ల తప్పులకు సున్నం కొట్టడమే అంటారు. వాళ్ల అనుమానానికి చరిత్రలో ఆధారముంది. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీసు స్టేషనులో ఒక ముస్లిం స్త్రీపై పోలీసులే అత్యాచారం చేశారు, ఆమె భర్తను కొట్టి చంపారు. నగరమంతా భగ్గుమంది. విచారణ చేసిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను దోషులుగా నిలబెట్టినా, చివరికి కోర్టులో వాళ్లు బయటపడ్డారు. ఆ తర్వాతి ఏళ్లలో పాతబస్తీని కమ్ముకున్న మత కలహాల పరంపరకు 1978నే మొదలుగా చూసే పరిశోధకులున్నారు. 2007 మేలో మక్కా మసీదులో బాంబు పేలాక ఎంతోమంది ముస్లిం యువకులను పట్టుకుపోయి హింసించారు. తర్వాత వాళ్లు నిర్దోషులని తేలింది. 2012లో ప్రభుత్వమే వాళ్లకు పరిహారం ప్రకటించింది. ఆ జీవో తర్వాత హైకోర్టులో నిలవలేదు. ఆ గల్లీల్లో తల్లులకు ఇవన్నీ గుర్తున్నాయి.

ఇంత జరిగాక ఏ మొహం పెట్టుకుని పోలీసులతో కూర్చుంటారు అని అడిగితే నా జవాబు ఇదే: ఇంత జరిగింది కాబట్టే కూర్చోవాలి. ఈ సంగతులు పోలీసుల మొహం మీద చెప్పడానికి కూర్చోవాలి. పీస్ కమిటీలో మొదట మాట్లాడవలసింది పోలీసుల మీద ఫిర్యాదులే. ఎవరి కొడుకును రాత్రి ఎత్తుకొచ్చారు, ఎవరి మీద రౌడీషీటు అన్యాయంగా నడుస్తోంది, ఎవరి ఎఫ్ఐఆర్ తీసుకోలేదు. వీటికి జవాబు చెప్పకుండా సామరస్యం గురించి మాట్లాడే హక్కు ఏ ఇన్‌స్పెక్టరుకూ లేదు. జవాబు చెప్పిన ఇన్‌స్పెక్టరు మాటను మాత్రం గల్లీ నమ్ముతుంది, కష్టకాలంలో కూడా. దూరంగా నిలబడి ప్రకటనలు ఇస్తే ఆ ఇన్‌స్పెక్టరు మారడు. హైదరాబాద్‌లో 1990ల మధ్య నుంచి పాతబస్తీ మహిళలతో పనిచేస్తూ వచ్చిన కోవా వంటి సంస్థలు పోలీసులను విమర్శించడమూ మానలేదు, వాళ్లతో మాట్లాడటమూ మానలేదు. ఆ రెండూ ఒకేసారి చేయవచ్చు.

ప్రమాదం ఇంకోచోట ఉంది. పౌరులను భాగస్వాములుగా కాకుండా చిన్నపాటి పోలీసులుగా మార్చడంలో. తమిళనాడులో 1993లో రామనాథపురంలో మొదలైన ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్ మంచి ఉద్దేశంతో పుట్టిందే. 2020లో సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకులు పోలీసు కస్టడీలో చనిపోయినప్పుడు ఆ వాలంటీర్ల పాత్ర మీద ఆరోపణలొచ్చాయి, ప్రభుత్వం దాన్ని ఆపేయవలసి వచ్చింది. పౌరుడికి లాఠీ, జాకెట్టు, ఐడీ కార్డు ఇచ్చి వీధిలో నిలబెడితే అతను తన బస్తీ మనిషిగా ఉండటం మానేస్తాడు. కబుర్లు మోసే ఇన్‌ఫార్మరుగా మారిస్తే ఇంకా హీనం. అతను ఆ గల్లీ తరఫున స్టేషనుకు రావాలి, స్టేషను తరఫున గల్లీకి పోకూడదు.

ఇవన్నీ ఉన్నా కేసు పెట్టవలసిన చోట కేసు పెట్టాల్సిందే. కమిటీలో కూర్చోబెట్టి రాజీ చేశాం అని ద్వేష ప్రసంగాన్ని వదిలేయడం సామరస్యం కాదు. 2022 అక్టోబరులో మూడు రాష్ట్రాలకు, 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలకు సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ఎవరూ ఫిర్యాదు ఇవ్వకపోయినా, మాట్లాడినవాడు ఏ మతంవాడైనా, పోలీసులే ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి, ఆలస్యం చేస్తే కోర్టు ధిక్కారమే అని. మైకులో ఎవరేమన్నారో రికార్డు చేసి, తేదీతో సహా రాసి స్టేషనుకు ఇచ్చి, రసీదు తీసుకోవడం పౌరసంఘాలు చేయగల పని. ఇలా ఇచ్చిన రెండు మతాలవాళ్ల సంతకాలున్న కాగితాన్ని పక్కన పడేయడం ఏ అధికారికైనా కష్టం.

కమిటీ ఎలా ఉండాలో చెప్పకుండా కమిటీ కావాలనడం వట్టి మాట. మండపం పెట్టే కుర్రాళ్లు ఉండాలి, జులూస్‌లో ముందు నడిచే కుర్రాళ్లు ఉండాలి, డీజే బండి ఓనరు ఉండాలి, ఆటో అడ్డా మనుషులు ఉండాలి. పొదుపు సంఘాల ఆడవాళ్లు తప్పకుండా ఉండాలి. ఇంట్లో కుర్రాడు నాలుగు రోజులుగా ఎవరితో తిరుగుతున్నాడో, మేడ మీద రాళ్లు ఎందుకు పోగవుతున్నాయో అందరికంటే ముందు తెలిసేది వాళ్లకే. పార్టీ పదవులున్నవాళ్లకు కుర్చీ వద్దు. పండుగ ఉన్నా లేకపోయినా నెలకొకసారి కూర్చోవాలి. పోయిన నెల పోలీసులు ఏం చేస్తామన్నారు, చేశారా లేదా అన్నది మినిట్స్‌లో రాయాలి, ఆ పుస్తకం అడిగినవాళ్లకు చూపించాలి. బీటు కానిస్టేబుల్‌ను ఏడాది తిరక్కుండా మార్చకూడదు. పాతబస్తీలో ఉర్దూ రాని ఎస్సైని, ఆడవాళ్లతో మాట్లాడటానికి మహిళా కానిస్టేబులే లేని స్టేషనును పెట్టుకుని కమ్యూనిటీ పోలీసింగ్ అనడంలో అర్థం లేదు.

ఖర్చు? పెద్దగా లేదు. కావలసింది ఓపిక, అది బడ్జెట్‌లో దొరకదు కాబట్టే ప్రభుత్వాలకు కెమెరాలు కొనడం తేలిక. ప్రారంభోత్సవం చేసి రిబ్బను కత్తిరించడానికి వీలుంటుంది. జరగని అల్లరికి శిలాఫలకం వేయలేం.

పీస్ కమిటీలను తీసిపారేసే మిత్రులను ఒకటే అడుగుతున్నాను. ఈ వారంలో మీ పోలీసు స్టేషనుకు వెళ్లండి. మీ ప్రాంతం శాంతి కమిటీ సభ్యులు ఎవరు, ఆఖరిసారి ఎప్పుడు కూర్చున్నారు అని స్టేషను రైటరును అడగండి. ఆ జాబితాలో మీ వీధి నుంచి ఎవరూ లేకపోతే, మీ పక్క వీధిలోని ఇంకో మతం మనిషి ఒకరిని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లి ఇద్దరి పేర్లూ రాయించండి.